నరసాపురం నుంచి కాకినాడ దాకా: చర్చి యువతకు తోడుగా వెళ్ళిన నా అనుభవం

భీమవరం దగ్గరి మా లూథరన్ సంఘంలో యవనస్థుల కూటానికి ఏటా ఒక విహారయాత్ర ఉంటుంది. వైజాగ్ బీచో, అరకో చూసి రావడం ఆనవాయితీ. వెళ్ళేటప్పుడు పాటలు, వచ్చేటప్పుడు నిద్ర, మధ్యలో ఫోటోలు. ఈసారి దూరం పోకుండా, గోదావరి జిల్లాల్లో క్రైస్తవ సంఘాలు మొదట వేరూనిన చోట్లు చూపిద్దామని సంఘ కమిటీలో ప్రతిపాదించింది నేనే గనుక, పిల్లలకు తోడుగా వెళ్ళే బాధ్యత కూడా నా మీదే పడింది. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి కావడం వల్ల, పిల్లల్ని అదుపులో పెట్టడమూ చరిత్ర చెప్పడమూ రెండూ నాకు తెలిసిన పనులేనని కమిటీ వారు అనుకున్నారు. మొదటిది కొంతవరకు నిజమే. రెండో దానిలో మాత్రం ఈ ప్రయాణం నన్నే కూర్చోబెట్టి పాఠం చదివించింది.

చోట్లను ఎంచుకోవడంలోనే చాలా చర్చ జరిగింది. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన కళాశాల చూడాలని కొందరు పెద్దలు అన్నారు. అది కృష్ణా డెల్టా, వేరే ప్రయాణంగా పెట్టుకుందామని ఒప్పించాను. యానాంలో ఫ్రెంచివారి కాలపు కథోలిక చర్చి ఉందని నేను సూచించగానే తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. యానాం పేరు చెబితే మన జిల్లాల్లో చర్చి కంటే ముందు ఏ దుకాణాలు గుర్తుకొస్తాయో చెప్పనక్కరలేదు కాబట్టి, ఆ ఊరు జాబితాలోంచి మారుమాట లేకుండా పోయింది. చివరికి నరసాపురం, పాలకొల్లు, ధవళేశ్వరం, రాజమహేంద్రవరం, కాకినాడ మిగిలాయి. ఇంకా రెండు మూడు ఊళ్ళు ఇరికించవచ్చని డ్రైవరు అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. ఇలాంటి ప్రయాణంలో ఒక చోట పిల్లలు ప్రశ్న అడిగేంత సేపు నిలబడకపోతే అక్కడికి వెళ్ళినా వెళ్ళనట్టేనని నా అభిప్రాయం.

సంక్రాంతి దాటాక, ఇంటర్ పరీక్షల వేడి మొదలుకాకముందు వారాంతాన్ని ఎంచుకున్నాం. పదహారేళ్ళ నుంచి ఇరవై రెండేళ్ళ వరకు వయసున్న ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి వెళ్తారు గనుక, తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం, అత్యవసరానికి ఫోను నంబరు, మందులూ ఎలర్జీల వివరాలు ముందుగా తీసుకున్నాం. రాత్రి బస కోసం ఆధార్ నకళ్ళు అడిగినప్పుడు ఒక చిక్కు వచ్చింది. చాలామందికి చర్చిలో పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లోనూ పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ ఉన్న పేరు మరొకటి. బాప్తిస్మం పేరుతో రాసిన జాబితాను బసవారు ఒప్పుకోరు. సర్టిఫికెట్ పేరుతో పిలిస్తే పిల్లలు తమను కానట్టు చూస్తారు. రెండు పేర్లూ పక్కపక్కన రాసుకుని జాబితా మళ్ళీ తయారుచేయవలసి వచ్చింది. ఈ రెండు పేర్ల వెనుక ఉన్న కారణం మా సంఘంలో అందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితులు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రారు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. అందుచేత ఇంటికొక లెక్క, ఆఫీసుకొక లెక్క తరాలుగా నడుస్తోంది. ఆ సంగతిని పిల్లలు రాజమండ్రిలో బయటికి తీస్తారని జాబితా రాసేటప్పుడు నేను ఊహించలేదు.

ఆడపిల్లలకు పెద్దదిక్కుగా మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మా సంఘపు సిస్టరుగారు వచ్చారు. ఆవిడ రాకపోతే సగం మంది తల్లులు సంతకం పెట్టేవారు కాదు. పిల్లల్ని జట్లుగా విడదీసి, ప్రతి జట్టుకూ వాళ్ళలోనే ఒకరిని నాయకుడిగానో నాయకురాలిగానో పెట్టి, బస్సు ఎక్కినప్పుడూ దిగినప్పుడూ తలలు లెక్కపెట్టే పని వాళ్ళకే అప్పగించాం. పెద్దవాళ్ళు లెక్కపెడితే తప్పించుకోవడం పిల్లలకు సరదాగా ఉంటుంది. తోటివాడు లెక్కపెట్టి మాటపడవలసి వస్తుందంటే ఎవరూ తప్పించుకోరు. ఫోన్లు లాగేసుకోవాలని కమిటీలో ఒకరు పట్టుబట్టారు. లాగేసుకునే బదులు, సమాధుల మీది రాతలనూ గోడలకు ఉన్న ఫలకాలనూ చదవగలిగేలా స్పష్టంగా ఫోటో తీసే పనిని ప్రతి జట్టుకూ ఇచ్చాను. రీల్స్ తీసుకున్నవాళ్ళు తీసుకున్నారు, కాదనను. కానీ అడిగిన ఫోటోలు కూడా వచ్చాయి.

బయలుదేరే ముందు మా సంఘ పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి, పిల్లలకు ఒక ముఖ్యమైన హెచ్చరిక చేశారు. నరసాపురంలో బ్రదరిన్ అనే ప్రొటెస్టంట్ శాఖ వారిని, కాకినాడలో బాప్టిస్టులను కలుస్తాం. మనం పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తాం, వాళ్ళు విశ్వాసం ఒప్పుకున్న పెద్దవారికే నీళ్ళలో ముంచి ఇస్తారు. ఆ విషయం మీద ఎవరితోనూ వాదన పెట్టుకోకండి, ఆతిథ్యం ఇచ్చిన ఇంట్లో వాదించడం మర్యాద కాదు అన్నారు. ఆ మాట పనికొచ్చింది. నరసాపురంలో మమ్మల్ని ఆదరించిన పెద్ద సహోదరుడు తమ సంఘాల్లో అభిషేకం పొందిన పాస్టరు అంటూ ఉండరనీ, ప్రతి ఆదివారం రొట్టె విరిచే ఆరాధన సహోదరులే నడిపిస్తారనీ చెప్పినప్పుడు, మా పిల్లల్లో ఒకడికి నోటి దాకా వచ్చిన ప్రశ్న అక్కడే ఆగిపోవడం నేను చూశాను.

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్, వారి భార్యలు మొదట మచిలీపట్నంలో ఉండి, తరువాత నరసాపురం చేరారు. వారి ఊరు డెవన్ ప్రాంతంలోని బార్న్‌స్టేపుల్. ఏ మిషన్ సంస్థా నెలనెలా జీతం పంపే ఏర్పాటు లేకుండా వచ్చినవారు వీరు. వీరి పనే తరువాత గోదావరి డెల్టా మిషన్‌గా పెరిగింది. ఆసుపత్రి, బడి, చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న చిన్న సంఘాలు అన్నీ దానిలోంచి వచ్చినవే. నరసాపురం లేసు అల్లికకు మూలం కూడా మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళు ఇక్కడి స్త్రీలకు నేర్పిన కుట్టుపనేనని చెప్పుకుంటారు. సిస్టరుగారు తన చీర కొంగుకు తానే అల్లుకున్న లేసు చూపించి, మా అమ్మ దగ్గర నేర్చుకున్నానమ్మా, ఆవిడ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది అని చెప్పినప్పుడు ఆడపిల్లలు నా ఉపన్యాసం వదిలి ఆవిడ చుట్టూ చేరారు.

నరసాపురంలో రేవు చూడకుండా పిల్లలు కదలరు. మాధవాయపాలెం దగ్గర గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి వెళ్ళే పంటు కనబడగానే ఒకసారి ఎక్కి అటు వెళ్ళి ఇటు వద్దామని మొదలుపెట్టారు. 2019లో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన తరువాత మా ఊరి తల్లిదండ్రులకు పడవ అంటే గుండె దడ. చాలా అనుమతి పత్రాల్లో కింద చేతిరాతతో పడవ ఎక్కించవద్దు అని ప్రత్యేకంగా రాసి ఉంది. రోజూ వాహనాలనూ మనుషులనూ దాటించే పంటుకు, ఆ పడవకు తేడా ఉందని నాకు తెలుసు. అయినా రాసి ఇచ్చిన మాట రాసి ఇచ్చిన మాటే. పిల్లలు గొణుక్కున్నారు. గట్టు మీద నిలబడి, 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు ఈ మాధవాయపాలెంలోనే ఫ్యాక్టరీ, అంటే వర్తక స్థావరం, పెట్టుకుని నూలు బట్టలు కొన్నారని చెప్పాను. ఎవరూ పెద్దగా వినలేదు.

వినిపించుకున్నది పాలకొల్లులో. అక్కడి డచ్చివారి పాత సమాధులను చూడటానికి ముందుగానే మాట్లాడి పెట్టుకున్నాం. ముళ్ళూ పురుగూ పుట్రా ఉంటాయని అందరి చేతా బూట్లు వేయించాం. 17వ శతాబ్దం నుంచి డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ బట్టల వర్తకం చేసింది. 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో ఈ స్థావరం బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. చెక్కిన రాళ్ళ మీద అక్షరాలు కొంత అరిగిపోయినా గొప్పగా ఉన్నాయి. ఫోటోల జట్టు రాళ్ళ మీద దుమ్ము తుడిచి అక్షరాలు కూడబలుక్కుంటూ ఉండగా, బీటెక్ చదివే కుర్రవాడు ఒకడు నన్ను పక్కకు పిలిచాడు.

"మాస్టారూ, వీళ్ళూ క్రైస్తవులే కదండీ. నరసాపురం వాళ్ళ కంటే చాలా ముందే వచ్చారు కదా. మరి వీళ్ళున్నన్నాళ్ళూ మనవాళ్ళకి ఎందుకు చెప్పలేదండీ?"

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినా ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. వాళ్ళు వచ్చింది వర్తకానికి అని ఒక్క మాటలో చెప్పి ముగించవచ్చు. కానీ నీడలో అందర్నీ కూర్చోబెట్టి, కంపెనీల సంగతి వివరంగా చెప్పాను. డచ్చివారికైనా ఇంగ్లీషువారికైనా ఇక్కడి నేతగాళ్ళతోనూ జమీందార్లతోనూ బేరం సాఫీగా సాగడమే కావలసింది. మతబోధ వల్ల అలజడి రేగితే వర్తకం దెబ్బతింటుందన్న భయం వారిది. ఇంగ్లీషు కంపెనీ చాలాకాలం తన ప్రాంతాల్లోకి మిషనరీలను రానివ్వడానికే ఇష్టపడలేదు. 1813 చార్టర్ చట్టంతో లైసెన్సు మీద రావడానికి దారి తెరుచుకుంది. 1833 చట్టంతో ఆ లైసెన్సు అవసరమూ పోయింది. ఆ తరువాత మూడేళ్ళకే బౌడెన్, బీర్‌లు మన తీరంలో దిగడం కాకతాళీయం కాదు. తెల్లవారు, పాలకులు, మిషనరీలు ముగ్గురూ ఒకటేనని బయటివారు అనుకోవడమే కాదు, మన చర్చిల్లోనూ చాలామంది అలాగే అనుకుంటారు. పాలకొల్లులో ఆ సమాధుల మధ్య ఆ మూటను విప్పి మూడు పోగులూ వేరుచేయడం తేలికైంది. అక్కడి నుంచి బస్సు ఎక్కుతుంటే క్షీరారామం తొమ్మిది అంతస్తుల గోపురం కనబడింది. ఆ గుడి పంచారామాల్లో ఒకటి, ఈ డచ్చివాళ్ళ కంటే ఎంతో పాతది అని జట్టు నాయకురాలు ఒకమ్మాయి తానే మిగతావాళ్ళకు చెప్పింది.

పెనుగొండ, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా దారి. ఇద్దరికి వాంతులయ్యాయి, సిస్టరుగారి సంచిలో నిమ్మకాయల దగ్గర్నుంచి మాత్రల దాకా అన్నీ ఉన్నాయి. కడియం నర్సరీల దగ్గర ఆపమని అడిగితే ఆపలేదు.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ముందు మా పిల్లల ముఖాల్లో కొంచెం గర్వం కనిపించింది. ఊరూరా విగ్రహం ఉన్న మనిషి, పైగా భక్తిగల క్రైస్తవుడు. చర్చిల్లో ఆయన గురించి వినే ప్రసంగాలన్నీ ఒకే దారిలో ఉంటాయి: దేవుని బిడ్డ వచ్చాడు, కరువు పోయింది. నేను ఆ ప్రసంగానికి కొన్ని సంగతులు చేర్చవలసి వచ్చింది. 1832–33 కరువు, 1839లో కోరంగి రేవును ముంచిన తుఫాను తరువాత ఈ జిల్లా ఎంత దిగజారిందో చెప్పే నివేదికలు వచ్చాయి; ఆదాయం పడిపోతోందన్న ఆందోళన కంపెనీకి ఉంది. నీరు కడితే శిస్తు పెరుగుతుందని లెక్క చూపించగలిగాడు గనుకనే కాటన్‌కు అనుమతి దొరికింది. 1847లో గోదావరి మీద ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టిన ఆ ఆనకట్ట స్థానంలో ఇప్పుడు కనబడేది 1982లో పూర్తయిన బ్యారేజీ. కాటన్ మనసులోని దయనూ కంపెనీ ఖజానా లెక్కనూ ఒకదాని వెనుక ఒకటి దాచకుండా రెండూ చెప్పాలని నేను అనుకుంటాను. దయ ఒక్కటే చెబితే, అబద్ధం కాకపోయినా సగమే చెప్పినట్టు.

విగ్రహం దగ్గర పంచె కట్టుకున్న ఒక పెద్దాయన చెప్పులు విడిచి దండం పెట్టుకుని వెళ్ళారు. పుష్కరాల్లో కాటన్ దొరకు పిండప్రదానం చేసేవారు కూడా ఉన్నారని నేను చెబితే పిల్లలు నమ్మలేదు. "మనకన్నా వాళ్ళకే ఎక్కువ ఇష్టమాండీ?" అని ఒకమ్మాయి అడిగింది. నీళ్ళు పారిన పొలం ఎవరిదో వాళ్ళకు ఎక్కువ ఇష్టం ఉండటం న్యాయమే కదా అన్నాను. ఆ మాట అన్నాక, మా పిల్లల తాతముత్తాతల్లో చాలామందికి సొంత పొలం లేదన్న సంగతి గుర్తొచ్చింది. వాళ్ళు కాలువ తవ్వినవాళ్ళు, రాయి మోసినవాళ్ళు, ఆ పొలాల్లో పాలేరుతనం చేసినవాళ్ళు. ఆనకట్ట పని కోసం చేరిన వేలాది కూలీలకు నరసాపురం మిషనరీలు బోధించారన్న విషయం అప్పుడు చెప్పాను. మ్యూజియంలో ఇంజనీర్లు కనిపించినంతగా ఆ కూలీలు కనిపించరు. ఫోటోల జట్టు కూలీల పేర్లు ఉన్న ఫలకం ఎక్కడైనా ఉంటుందేమోనని తిరిగి తిరిగి ఉత్త చేతులతో వచ్చింది.

రాజమండ్రి మా లూథరన్లకు సొంత ఇల్లు. 1845లో ఉత్తర జర్మనీ మిషన్ తరఫున వాలెట్ ఇక్కడ పని ప్రారంభించాడు. కొన్నేళ్ళకే అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1842లో గుంటూరుకు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ కథను పిల్లలు సండే స్కూలులో విన్నారు. కానీ ఆయన అమెరికా తిరిగి వెళ్ళిపోయాక, రాజమండ్రి పనిని మరో మిషన్‌కు అప్పగించే ఆలోచన సాగుతుంటే, 1869లో 76 ఏళ్ళ వయసులో తానే వెళ్తానని ముందుకొచ్చి మళ్ళీ ఓడ ఎక్కాడన్న సంగతి చాలామందికి కొత్త. రాజమండ్రిలోని మిషన్ స్థలం లూథర్‌గిరి ఆవరణలో చెట్ల కింద తిరుగుతూ, 1964లో వేర్వేరు సంఘాల వారి వేదాంత పాఠశాలలు కలిసి ఇక్కడే ఒక కళాశాలగా మొదలై తరువాత హైదరాబాదుకు తరలిపోయాయని చెప్పాను.

రాత్రి భోజనాల తరువాత కూటం. ప్రార్థన, తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి కీర్తనలు రెండు అయ్యాక, ఈ రోజు చూసినదాని మీద ఎవరైనా మాట్లాడవచ్చు అన్నాను. డిగ్రీ చదివే ఒకమ్మాయి లేచి, కాసేపు తడబడి, మా కాలేజీలో మీ తాతలు అన్నం కోసం మతం మార్చుకున్నారు అంటారండీ, దానికి ఏం చెప్పాలి అని అడిగింది. గది అంతా మౌనమైపోయింది; ఆ ప్రశ్న అందరిదీ. అయ్యగారు వాక్యంతో సమాధానం చెప్పబోయి, నా వైపు చూసి ఆగారు.

కొందరు ఆకలితోనూ వచ్చి ఉంటారు అని నేను చెప్పాను. ఆకలి అవమానం కాదు. ఆకలితో ఉన్నవాడు విశ్వసించలేడనడానికి వీల్లేదు. బావి దగ్గరకు రానివ్వని ఊళ్ళో, బడి గుమ్మం ఎక్కనివ్వని కాలంలో, కూర్చోబెట్టి అక్షరం నేర్పినవాడి దేవుడు ఎవరో తెలుసుకోవాలనుకోవడంలో అన్నం ఎంత, అక్షరం ఎంత, ఆత్మగౌరవం ఎంత, భక్తి ఎంత అని కొలిచే తూకం నా దగ్గర లేదు, అడిగినవాళ్ళ దగ్గరా లేదు. చేరితే లాభం ఒక్కటే వచ్చిందా అంటే, ఆధార్ పేరూ బాప్తిస్మం పేరూ వేరుగా పెట్టుకోవలసిన ఇబ్బంది కూడా దానితోపాటే వచ్చింది కదా అని ఒక కుర్రవాడు అందుకున్నాడు. అక్కడి నుంచి నేను మాట్లాడవలసిన అవసరం లేకపోయింది. పది గంటలకు దీపాలు ఆర్పించాలన్నది నియమం. ఆ రాత్రి సిస్టరుగారే ఇంకాసేపు ఉండనివ్వండి మాస్టారూ అన్నారు.

మర్నాడు కాకినాడలో ఎక్కువసేపు లేము. అయితే అక్కడ చెప్పవలసిన మనిషి ఒకరున్నారు. కెనడా బాప్టిస్టుల పని అంటే జాన్ మెక్లారిన్ పేరే వినిపిస్తుంది. ఆయన పేరుతో హైస్కూలు కూడా ఉంది. ఆయన కాకినాడ వచ్చింది 1874లో. అంతకు ముందే అక్కడ పని మొదలుపెట్టింది తెలుగువాడైన థామస్ గాబ్రియేలు. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసిన మనిషి. భారం మోయలేక కెనడావారిని రమ్మని పిలిచింది కూడా ఆయనే. వాళ్ళు వచ్చిన మరుసటి ఏడు, 1875లోనే చనిపోయాడు. నిన్నటి నుంచి రాళ్ళ మీద అన్నీ దొరల పేర్లే చదివిన పిల్లలు ఈ మాటకు ఎలా లేచి కూర్చున్నారో చెప్పలేను. "మన పేరు ఒకటి దొరికిందండీ" అన్నాడు బీటెక్ కుర్రవాడు.

ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా తిరుగు ప్రయాణం. అందరినీ వారి వారి ఇళ్ళ గుమ్మాల దగ్గర దించి, ఎవరికి అప్పగించామో జాబితాలో సంతకం తీసుకున్నాం. కొందరు తండ్రులకు ఈ సంతకం అతిగా అనిపించింది. అయినా మరోసారి వెళ్ళినా ఆ పద్ధతి మానను.

ఖర్చులు లెక్క చెప్పడానికి కమిటీ కూర్చున్న రోజున, మిగిలిన కొద్ది డబ్బుతో ఏం చేయాలన్న చర్చ వచ్చింది. వచ్చే ఏటి యాత్రకు జమ వేద్దామని కోశాధికారి అన్నారు. అప్పుడు పిల్లల తరఫున వచ్చిన జట్టు నాయకురాలు, పార్సనేజీ (పాస్టరుగారి ఇల్లు) బీరువాలో ఉన్న మన పాత బాప్తిస్మపు రిజిస్టర్లను పేజీ పేజీ ఫోటో తీసి, పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ రాసి పెట్టుకుంటామని, అందుకు ఆ డబ్బు ఇవ్వమని అడిగింది. ఆ రిజిస్టర్లలో కొన్ని కుటుంబాలు బయట చెప్పుకోవడానికి ఇష్టపడని వివరాలు ఉంటాయని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. చివరికి అయ్యగారి సమక్షంలోనే పని జరగాలి, రిజిస్టరు పార్సనేజీ గడప దాటకూడదు, ఫోటోలు ఎవరి ఫోన్లోనూ ఉండకుండా సంఘపు కంప్యూటరులోనే ఉంచాలి, ఏ కుటుంబం వివరాలు ఆ కుటుంబానికే చూపాలి అన్న షరతులతో ఒప్పుకున్నారు. పాత లిపి చదవడంలో సాయం చేయడానికి ఆదివారం మధ్యాహ్నాలు నన్ను రమ్మన్నారు, వెళ్తున్నాను.